మెనియర్స్ జబ్బుకి విటమిన్ బిళ్లలు, అమెరికా డబ్బాలు: ఏవి వాడొచ్చు, ఏవి పక్కన పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కోవూరులో ఉండే మీ అమ్మగారికి 54 ఏళ్లు. రెండేళ్లుగా ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, ఎడమ చెవిలో హోరు. ఈఎన్‌టీ డాక్టరు మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బని చెప్పి, దానికి బీటాహిస్టిన్ బిళ్ల రాశారు. బీపీకి టెల్మిసార్టాన్, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఎప్పట్నుంచో ఉన్నాయి. పోయినేడు స్టెంట్ వేశాక రక్తం పలచన చేసే బిళ్లలు రెండు తోడయ్యాయి. ఇప్పుడు మీ పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి నిమ్మతొక్క బయోఫ్లావనాయిడ్ల డబ్బా ఒకటి, గింకో అనే చెట్టు ఆకుల సారం డబ్బా ఒకటి పంపాడు. యూట్యూబ్‌లో ఇంకొకాయన మెగ్నీషియం, జింక్, విటమిన్ డి, బి6 అన్నీ వేసుకోమన్నాడు. వీటిలో ఏవి పనిచేస్తాయి, బీటాహిస్టిన్ ఆపేసి వీటి మీదే ఉండొచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మెనియర్స్‌ని ఆపుతుందని గట్టిగా రుజువైన సప్లిమెంటు ఒక్కటి కూడా లేదు. గింకో మీ అమ్మగారికి అసలు వద్దు, ఈ పూటే ఫోన్ చేసి ఆ డబ్బా పక్కన పెట్టించండి. నిమ్మతొక్క డబ్బాతో పెద్ద లాభం లేదు, పెద్ద ప్రమాదమూ లేదు, కానీ దాంట్లో బి6 ఎంత ఉందో చూడాలి. విటమిన్ డి, బి12 రక్తపరీక్షలో తక్కువ తేలితేనే వాడాలి. మెగ్నీషియం కొందరికి పనికొస్తుంది, దానికి రెండు షరతులున్నాయి. జింక్ అక్కర్లేదు. బీటాహిస్టిన్ సంగతి మీ డాక్టరుతో మాట్లాడే దాకా అలాగే ఉండనివ్వండి.

ఇక ఎందుకో చెప్తాను. నేను కావలిలో ఇరవై రెండేళ్లుగా ఈఎన్‌టీ ప్రాక్టీసు చేస్తున్నాను. అటు ఒంగోలు దాకా, ఇటు నెల్లూరు దాకా, పడమటికి ఉదయగిరి దాకా తల తిరుగుడు కేసులు వస్తూనే ఉంటాయి. రోగి కుర్చీలో కూర్చుంటూనే "పైత్యం అనుకున్నాం సార్" అంటాడు. మా దగ్గర తల తిరిగితే పైత్యమే. అప్పటికే ధనియాల కషాయం అయ్యుంటుంది, నాలుక మీద ఊరేసిన నిమ్మకాయ ముక్క పెట్టడం అయ్యుంటుంది, ఊళ్లో ఒక సెలైన్ ఎక్కించడం కూడా అయ్యుంటుంది. ఈ మూడింటిలో రెండు ఉప్పు మూటలే. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

అందరూ "నాకు పనిచేసింది" అని ఎందుకంటారు?

మెనియర్స్ ఒక పద్ధతిగా ఉండే జబ్బు కాదు. రెండు నెలలు వరసబెట్టి దాడి చేస్తుంది, తర్వాత ఎనిమిది నెలలు కనబడదు. మనిషి కొత్త మందు కోసం ఎప్పుడు వెతుకుతాడు? బాగా ఎక్కువైనప్పుడే కదా. ఆ పూట ఏది మొదలుపెట్టినా, జబ్బు తన దారిన తను తగ్గుముఖం పట్టేసరికి పేరు ఆ బిళ్లకి వస్తుంది. అబద్ధం చెప్పాలని ఎవరూ చెప్పరు, నిజంగానే వాళ్లకి తగ్గింది. తగ్గించింది బిళ్లేనా అన్నదే తేలని సంగతి.

2016లో జర్మనీ నుంచి ఒక పరీక్ష ఫలితం వచ్చింది. 221 మంది మెనియర్స్ రోగుల్ని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి మామూలు మోతాదు బీటాహిస్టిన్, ఇంకో గుంపుకి ఎక్కువ మోతాదు, మూడో గుంపుకి మందు లేని ఉత్త బిళ్ల. తొమ్మిది నెలలు చూశారు. మూడు గుంపుల్లోనూ తల తిరుగుళ్లు తగ్గాయి. గుంపుకీ గుంపుకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అది చదివిన రోజు నాకు మనసు బాగోలేదు, దాచుకోవడం దేనికి. అప్పటికి కొన్ని వందల మందికి రాసున్నాను. ఇప్పటికీ కొందరికి రాస్తాను, ఎందుకంటే దాంతో వచ్చే హాని తక్కువ, బాగుందనే వాళ్లున్నారు, ఇంకా బలమైన మందులు మొదలుపెట్టే ముందు ఒకసారి చూడ్డంలో తప్పులేదు. కాకపోతే "ఇది వేసుకుంటే ఆగిపోద్ది" అనడం మానేశాను. పన్నెండు వారాలు చూసి, డైరీలో తేడా లేకపోతే ఆపేస్తాను. ఉబ్బసం, కడుపులో పుండు ఉన్నవాళ్లకి జాగ్రత్తగా రాయాలి, మీ అమ్మగారికి ఆ రెండూ ఉన్నాయేమో డాక్టరుకి చెప్పండి.

ఇంకో ఒప్పుకోలు. ప్రాక్టీసు మొదట్లో నేనూ తల తిరుగుడు చీటీ రాస్తే చివర్లో గింకో కలిసిన యాంటీ ఆక్సిడెంట్ బిళ్ల ఒకటి తగిలించేవాడిని. అందరూ రాస్తున్నారు, నేనూ రాశాను, అంతకుమించి కారణం లేదు. ఒక ముసలాయన దంతం పీకించుకొని రక్తం ఆగక రాత్రి పది గంటలకి నోట్లో గుడ్డ పెట్టుకొని వచ్చాడు. ఆస్పిరిన్ ఆయన గుండె డాక్టరుది, గింకో నాది. ఆ రాత్రి నుంచి ఆ బిళ్ల రాయలేదు.

అసలు అది మెనియర్సేనా?

సప్లిమెంట్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. నా దగ్గరకి "మెనియర్స్" అని చీటీ పట్టుకొని వచ్చేవాళ్లలో చాలామందిది మెనియర్స్ కాదు. 1861లో ప్రోస్పర్ మెనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పేదాకా ఇలాంటి తిరుగుడంతా మెదడు జబ్బనుకునేవాళ్లు, ఇది లోపలి చెవి నుంచి వస్తుందని ఆయన చెప్పాడు. ఇప్పుడేమో తల తిరిగితే చాలు ఆయన పేరు పెట్టేస్తున్నాం.

2015లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న లెక్క ఇది: ఏ కారణమూ లేకుండా వచ్చే తిరుగుడు కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా. ఆ చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి ఎక్కువ తక్కువలు. వీటికి తోడు వినికిడి పరీక్షలో, అంటే ఆడియోగ్రామ్‌లో, మంద్రస్వరాల దగ్గర వినికిడి తగ్గినట్టు కాగితం మీద కనబడాలి. ఆడియోగ్రామ్ తీయకుండా ఖాయంగా మెనియర్స్ అనడానికి లేదు. మీ ప్రశ్నలో ఆ కాగితం ప్రస్తావన లేదు, అందుకే అడుగుతున్నా.

సింగరాయకొండ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చారు. రెండేళ్లుగా మెనియర్స్ అని బిళ్లలు, పైన నెలకి రెండు వేల రూపాయల సప్లిమెంట్లు. "ఎప్పుడు తిరుగుతుందమ్మా" అంటే "ఎడమ పక్కకి ఒత్తిగిలితే" అన్నారు. "ఎంతసేపు" అంటే "పది లెక్కబెట్టేలోపు ఆగిపోద్ది." ఇది చెవిలో సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పి వచ్చే తిరుగుడు, బీపీపీవీ అంటాం. మంచం మీద కూర్చోబెట్టి, తల పక్కకి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లు చూశాను. నల్లగుడ్లు గిరగిరా కొట్టుకున్నాయి, ఆమె నా చొక్కా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు. ఎప్లీ అనే పద్ధతిలో తలని వరసగా నాలుగు భంగిమల్లోకి తిప్పి కూర్చోబెట్టాను. వారం తర్వాత ఇంకోసారి. అంతే, రెండేళ్ల జబ్బు పోయింది. సప్లిమెంట్ల డబ్బాలు వాళ్ల కోడలు తిరిగి ఇవ్వబోతే షాపువాడు తీసుకోలేదట.

రెండో పొరపాటు మైగ్రేన్ తల తిరుగుడు. వెలుతురు పడదు, శబ్దం పడదు, వాళ్లమ్మకో అక్కకో ఒంటి తలనొప్పి ఉంటుంది, వినికిడి బాగానే ఉంటుంది. కొందరికి మైగ్రేను, మెనియర్సూ రెండూ ఉంటాయి. అప్పుడు చిక్కే.

మూడోది మన ప్రాంతపు ముచ్చట. కలిగిరి వైపు నుంచి పొగాకు రైతు ఒకాయన సీజన్లో ప్రతి ఏడూ వచ్చేవాడు, వాంతులు, తల తిరుగుడు అంటూ. పొద్దున్నే మంచుకి తడిసిన పచ్చాకు కోసి చంకన పెట్టుకొని మోసేవాడు. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగుతుంది, దాంతో వికారం, తల తిరుగుడు వస్తాయి. చెవి గోల ఏమీ లేదు. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకొని, ఆకు ఆరాక కొయ్యమన్నాను. దానికి ఏ విటమినూ అక్కర్లేదు.

ఇక డబ్బాల సంగతి

*గింకో.* రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించొచ్చు. మీ అమ్మగారు స్టెంట్ కోసం ఇప్పటికే రెండు బిళ్లలు అదే పనికి వాడుతున్నారు. మూడోది తగిలిస్తే ఎక్కడైనా రక్తస్రావం మొదలైనప్పుడు ఆగడం కష్టం కావచ్చు. పోనీ చెవికైనా లాభముందా అంటే, 2014లో అమెరికా ఈఎన్‌టీ సంఘం చెవి హోరు మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో గింకో, మెలటోనిన్, జింక్ లాంటి సప్లిమెంట్లు హోరుకి సిఫారసు చెయ్యొద్దనే రాశారు. స్టెంట్ బిళ్లలు ఆపి గింకో వాడదాం అనే ఆలోచన మాత్రం కలలో కూడా రానివ్వకండి.

*నిమ్మతొక్క బయోఫ్లావనాయిడ్.* గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లు పక్కన పెట్టుకొని మనం అమెరికా నుంచి నిమ్మతొక్క తెప్పించుకుంటున్నాం, అది వేరే కథ. లోపలి చెవిలోని సన్న రక్తనాళాలకి మేలు చేస్తుందని దశాబ్దాలుగా అమ్ముతున్నారు. మెనియర్స్‌లో అది పనిచేస్తుందని నమ్మడానికి తగ్గ సాక్ష్యం లేదు. వాడితే హాని అంతగా లేదు కాబట్టి, మీ అన్న ప్రేమగా పంపాడు కాబట్టి, అమ్మ వేసుకుంటానంటే నేను కాదనను. ఒకే ఒక్కటి చూడండి. ఇలాంటి డబ్బాల్లో బి విటమిన్లు కూడా కలుపుతారు.

*బి6.* ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే నేను కళ్లారా చూసిన హాని ఇదే. అల్లూరు నుంచి ఒకావిడ వచ్చారు. జబ్బు నిజంగానే మెనియర్స్, ఆడియోగ్రామ్ ఉంది. ఆమె గోడు తిరుగుడు గురించి కాదు. "కాళ్లు తిమ్మిర్లు సార్. చెప్పు కాలికుండాదో జారిపోయిందో కూడా తెలియడంలా. చీకట్లో తూలతా ఉండా." షుగర్ లేదు. బి12 బాగుంది. ఇంట్లో వేసుకునేవన్నీ తెమ్మంటే, మర్నాడు బట్టల షాపు సంచి నిండా తెచ్చి బల్ల మీద పేర్చారు. తొమ్మిది డబ్బాలు. అద్దాలు పెట్టుకొని ఒక్కో లేబుల్ చదువుతూ చీటీ వెనక కూడాను. చెవికని ఒకటి, నరాల బలానికని ఒకటి, జుట్టుకని ఒకటి, మూడింట్లోనూ బి6 ఉంది. మొత్తం రోజుకి 200 మిల్లీగ్రాములు దాటింది. మామూలు మనిషికి రోజుకి కావాల్సింది సుమారు రెండు మిల్లీగ్రాములే. బి6 ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వేసుకుంటే నరాలే దెబ్బతింటాయి, అరికాళ్లలో స్పర్శ పోతుంది. చెవి బ్యాలెన్సు ఎటూ సరిగ్గా లేని మనిషికి అరికాళ్ల బ్యాలెన్సు కూడా పోతే ఇక నిలబడేది దేని మీద? మూడూ ఆపించాను. ఆరేడు నెలలకి చెప్పు జారితే తెలుస్తోందన్నారు, బొటనవేళ్ల దగ్గర తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు.

నరాల బలానికి రాసే బిళ్లల్లో దాదాపు అన్నిట్లో బి6 ఉంటుంది. అన్ని డబ్బాలూ కలిపి లెక్కేయండి, ఒక్కో డబ్బా విడిగా చూస్తే తెలియదు.

*బి12.* ఇది మీ అమ్మగారికి పరీక్ష చేయించాల్సిందే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. గ్యాస్ బిళ్ల రోజూ వేసుకునే అలవాటుంటే ఇంకా తగ్గుతుంది. శాకాహారులైతే మరీను. తక్కువుంటే తూలుడు, తిమ్మిర్లు, నీరసం ఉంటాయి. అప్పుడు బిళ్లో ఇంజెక్షనో ఇస్తే మనిషి నిలదొక్కుకుంటుంది. అది మెనియర్స్ తగ్గడం కాదు, దాని పక్కనున్న ఇంకో లోటు పూడటం.

*విటమిన్ డి.* ఇంత ఎండలో మనకి డి తక్కువేంది అంటారు. మా ల్యాబ్ కాగితాల్లో రోజూ తక్కువే కనబడుతుంది, ముఖ్యంగా ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి. దక్షిణ కొరియాలో సుమారు వెయ్యి మంది మీద చేసిన పరీక్ష 2020లో వచ్చింది. డి తక్కువున్న వాళ్లకి డి, కాల్షియం ఏడాది ఇస్తే తిరుగుడు మళ్లీ రావడం పావు వంతు దాకా తగ్గింది. కానీ అది బీపీపీవీకి, పైన చెప్పిన టీచరమ్మ జబ్బుకి. యూట్యూబాయన దాన్ని తెచ్చి మెనియర్స్‌కి అతికించాడు. టీచరమ్మకి పరీక్షలో డి 9 మాత్రమే ఉంది, ఆమెకి ఇచ్చాను, మీ అమ్మగారికి తక్కువ తేలితే ఎముకల కోసమైనా ఇవ్వాల్సిందే. కానీ ఆ 60,000 యూనిట్ల పొడి పొట్లం, బిళ్ల వారానికొకటి చొప్పున డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. "బాగుంది గదా" అని ఏడాదిన్నర వారం వారం వేసుకున్న ఒకాయన, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అయోమయంతో వచ్చాడు. ఇంట్లోవాళ్లు మళ్లీ మెనియర్స్ తిరగబెట్టిందనుకున్నారు.

*మెగ్నీషియం.* మైగ్రేన్ కథ ఉన్నవాళ్లకి నేను రాస్తాను. తలనొప్పి, తిరుగుడు రెండూ కొందరికి తగ్గుతాయి. మొదటి షరతు, క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష బాగుండాలి. బీపీ, షుగర్ రెండూ ఉన్న మనిషికి కిడ్నీ పరీక్ష లేకుండా మెగ్నీషియం మొదలుపెట్టను, కిడ్నీ బయటికి పంపలేకపోతే అది ఒంట్లోనే పేరుకుంటుంది. రెండోది, విరేచనాలు పట్టుకుంటే మోతాదు తగ్గించాలి.

*జింక్.* కోవిడప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ 50 మిల్లీగ్రాముల బిళ్ల మానని వాళ్లున్నారు. జింక్ నెలల తరబడి ఎక్కువైతే ఒంట్లో రాగి తగ్గిపోతుంది, రక్తహీనత, నరాల తిమ్మిరి వస్తాయి. దానికి మళ్లీ నరాల బిళ్ల, దాంట్లో మళ్లీ బి6. గానుగెద్దు తిరుగుడు.

*అల్లం, శొంఠి.* వికారానికి కొంచెం పనికొస్తుంది. వంటలో, టీలో ఎంతైనా వాడుకోండి. అల్లం సారం గుళికలు మాత్రం స్టెంట్ బిళ్లలున్న మనిషికి వద్దు.

ఇక్కడ అమ్మే డబ్బాల వెనక సన్న అక్షరాల్లో వైద్య ఉపయోగం కోసం కాదు అని ఒక ముక్క ఉంటుంది. మన దేశంలో ఇవి ఆహారం కింద అమ్మేవి, మందుల కింద కాదు. లేబుల్ ముందుభాగం చదివేవాళ్లే ఎక్కువ.

ఉప్పు

సప్లిమెంట్లలో ఏం కలపాలని అడిగారు గానీ, నా అనుభవంలో తీసెయ్యాల్సింది తీసేస్తేనే తేడా కనబడింది. లోపలి చెవిలో ఎండోలింఫ్ అనే నీరు ఎక్కువై దాని సంచి ఉబ్బడం మెనియర్స్‌లో కనబడుతుంది. ఉప్పు తగ్గిస్తే ఆ ఉబ్బు తగ్గుతుందన్నది వైద్యుల పాత నమ్మకం. నిజాయితీగా చెప్పాలంటే దీనికీ గట్టి పరీక్షలు లేవు. 2018లో ఈ విషయం మీద సాక్ష్యాలన్నీ వెతికిన కోక్రేన్ అనే సంస్థ సమీక్షకి లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్ష ఒక్కటీ దొరకలేదు. మరి గింకోని ఎందుకు కాదంటున్నావు, ఉప్పుని ఎందుకు పట్టుకున్నావు అంటారా? ఉప్పు తగ్గిస్తే మీ అమ్మగారి బీపీకి, గుండెకి ఎటూ మేలు. చెవికి పనిచెయ్యకపోయినా పోయేదేం లేదు.

లెక్క రోజుకి 1500 నుంచి 2000 మిల్లీగ్రాముల సోడియం. అంటే ఒక చిన్న చెంచా ఉప్పు, మొత్తం రోజుకి, అన్నిట్లో కలిపి. మన తిండిలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసే ఒకాయన "ఉప్పులో బతికేవోణ్ణి ఉప్పు మానమంటివి" అని నవ్వాడు. పొద్దున చద్దన్నం, దాంట్లో ఉప్పు, పక్కన ఊరేసిన నిమ్మకాయ. మధ్యాహ్నం ఎండు చేపల పులుసు. రాత్రి మజ్జిగన్నం, మళ్లీ ఉప్పు, చల్ల మిరపకాయలు నాలుగు. ఆవకాయలో దాదాపు పదో వంతు ఉప్పే ఉంటుంది. గరిటెడు వేసుకుంటే, ఇరవై గ్రాములనుకోండి, రెండు గ్రాముల ఉప్పు దానికే పోయింది. ఆయన్ని అన్నీ మానమనలేదు. అన్నంలో, మజ్జిగలో పైన ఉప్పు వేసుకోవడం ఆపమన్నా, ఎండు చేప వారానికొకసారి, ఊరగాయ గరిటె బదులు వేలితో తీసుకునేంత. మొదటి పదిహేను రోజులు తిట్టుకున్నాడు, తర్వాత నాలుకకి అలవాటైంది. ఆరు నెలల డైరీలో నెలకి మూడు నాలుగు దాడులు పోయి ఒకటికి వచ్చాయి. అదీ జబ్బు దానంతట అది తగ్గడమే కావచ్చు, పైన కొత్త బిళ్లల గురించి చెప్పిన మాట ఉప్పుకీ వర్తిస్తుంది.

ఒక పూట పూర్తిగా చప్పిడి, మర్నాడు పెళ్లిలో పులిహోర, వడియాలు, అప్పడాలు అంటే ఇంకా చెడ్డది. రోజూ ఒకేలా ఉండటం ముఖ్యం.

దొంగదారిన వచ్చే ఉప్పు చూడండి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే విటమిన్ బిళ్లల్లో సోడియం ఉంటుంది, కొన్నింట్లో బిళ్లకి రెండు మూడు వందల మిల్లీగ్రాములు కూడా. ఈనో పొట్లం ఒకటి సుమారు 800 మిల్లీగ్రాములు, అంటే రోజు కోటాలో సగం. బజ్జీ పిండిలో సోడా కూడా అంతే. సైంధవ లవణం, పింక్ సాల్ట్ కూడా సోడియం క్లోరైడే, రంగు మారితే గుణం మారదు. ఇక తక్కువ సోడియం ఉప్పు అని ప్యాకెట్లు అమ్ముతున్నారు, వాటిలో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకి అసలే పొటాషియం పెరిగే వీలుంది, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. మీ అమ్మగారికి ఆ ప్యాకెట్టు వద్దు.

సెలైన్ సంగతి చెప్తానన్నాను కదా. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పుంటుంది. అర లీటరు సీసా ఎక్కిస్తే నాలుగున్నర గ్రాములు, రోజు కోటా అంతా ఒక్క సీసాలో. ఆగకుండా వాంతులై నోరు ఎండిపోయి, ఉచ్చ రానప్పుడు సెలైన్ కావాల్సిందే, నేనూ పెడతాను. తల తిరిగిన ప్రతిసారీ "ఒక బాటిల్ పెట్టండి సార్" అనే అలవాటే వద్దు.

దీనికి ఎదురు ముచ్చట కూడా ఉంది. నీరు తగ్గే బిళ్ల వేసుకునే పెద్దవాళ్లు రోహిణి కార్తె ఎండల్లో ఉప్పు మరీ కట్టేస్తే సోడియం పడిపోయి మాట తడబడుతుంది, తూలతారు. బీపీ బిళ్లలో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీరు తగ్గే మందు కలిసి ఉందేమో చూసుకోండి. మే నెలలో ఒకసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చేయించడం మంచిది. నీళ్లు మామూలుగా తాగాలి, తగ్గించకూడదు. కాఫీ, టీ రోజుకి రెండు చిన్న గ్లాసులకి మించనివ్వను, అంతకంటే దాని మీద చెప్పడానికేం లేదు.

దాడి వచ్చిన పూట

పడుకోబెట్టండి, కదలకుండా ఒకే చోట చూడమనండి. వికారానికి ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి బిళ్ల డాక్టరు రాసిచ్చుంటే ఆ రెండు మూడు రోజులకే. నెలల తరబడి రోజూ వాడితే మెదడు బ్యాలెన్సు నేర్చుకోవడం మానేస్తుంది, పెద్దవాళ్లకి చేతి వణుకు, నడకలో బిగుతు కూడా వస్తాయి. సినరజిన్ అనే ఇంకో తల తిరుగుడు బిళ్లతోనూ అంతే. దాడి తగ్గిన మర్నాడు నుంచి లేచి నడవాలి.

కొందరికి హెచ్చరిక లేకుండా ఎవరో తోసినట్టు కింద పడిపోవడం ఉంటుంది. రొయ్యల చెరువు గట్ల మీద రాత్రి కాపలా ఉండే ఒకతన్ని ఆ పని మాన్పించి పగలు మేత గోదాములో పెట్టమని ఆసామికి నేనే ఫోన్ చేశాను. మీ అమ్మగారికి అలాంటిది ఒక్కసారి జరిగినా డాబా మెట్లు, బావి గట్టు ఒంటరిగా వద్దు.

మాట ముద్దగా రావడం, మూతి వంకర, ఒక చెయ్యి పట్టు తప్పడం, రెండుగా కనబడటం, ఎన్నడూ లేని తలనొప్పి వీటిలో ఏదున్నా అది చెవి జబ్బు కాదు, 108కి ఫోన్ చెయ్యండి. స్టెంట్, బీపీ, షుగర్ ఉన్న మనిషి కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా. ఒక్క రోజులో వినికిడి పూర్తిగా పడిపోతే కూడా ఆలస్యం చెయ్యకుండా వెంటనే ఈఎన్‌టీకి చూపించాలి, స్టెరాయిడ్‌కి ఆలస్యమయ్యే కొద్దీ పట్టు తగ్గుతుంది. ఒకే చెవి వినికిడి తగ్గిన వాళ్లకి ఒకసారి ఎంఆర్‌ఐ తీసి చెవి నరం మీద గడ్డ లేదని చూసుకోవడం కూడా పద్ధతే.

ఉప్పు, బీటాహిస్టిన్‌తో తగ్గకపోతే దారులు మూసుకుపోలేదు. కర్ణభేరి లోపలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. 2016లోనే ఇంగ్లండులో 60 మంది మీద చేసిన పరీక్షలో స్టెరాయిడ్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ రెండూ తిరుగుళ్లని దాదాపు సమానంగా, బాగా తగ్గించాయి. జెంటామైసిన్ వినికిడిని దెబ్బతీసే ప్రమాదముంది కాబట్టి నేను స్టెరాయిడ్‌తోనే మొదలుపెడతాను. షుగర్ ఉన్నవాళ్లు ఆ రెండు మూడు రోజులు షుగర్ చూసుకుంటూ ఉండాలి.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని. ఒక రూళ్ల నోటు పుస్తకం కొని అమ్మకివ్వండి. తేదీ, తిరుగుడు ఎన్ని నిమిషాలు, హోరు ఎంత, ఆ ముందురోజు ఏం తిన్నారు, నిద్ర ఎలా ఉంది. ఏదైనా కొత్త బిళ్ల మొదలుపెడితే ఆ తేదీ కింద గీత గీయమనండి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టొద్దు, ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. రక్తపరీక్షలకి బి12, విటమిన్ డి, హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, మూడు నెలల షుగర్ సగటు రాయించుకోండి.

తర్వాత ఇక్కడే మూడు సంగతులు పెట్టండి: ఆడియోగ్రామ్ ఉందా, ఉంటే ఎడమ చెవి అంకెలు. ఒక్కో దాడి ఎంతసేపు ఉంటోంది. ఇంట్లో ఉన్న డబ్బాలన్నిటి మీదా బి6 ఎన్ని మిల్లీగ్రాములుంది. డబ్బాలు ఫోటో తీసేటప్పుడు అమ్మ పేరు, ఆసుపత్రి చీటీ నంబరు కనబడకుండా తీయండి. ఆదివారం ఓపీ ఉండదు, తీరిగ్గా చూసి చెప్తాను.